ఎలీసమ్మకని తీసిన గొయ్యి

ఆపరేషన్ లోపు చెయ్యాల్సిన పనులన్నీ సిస్టర్ జయకుమారి నోటితోనే చెప్పింది. జక్రయ్య గోడకి ఆనుకుని, ఒక్కో పనికీ ఒక్కో వేలు మడుస్తూ విన్నాడు.

భార్య ఎలీసమ్మని కుడి పక్కకే పడుకోబెట్టాలి. ఎంత బతిమాలినా ఎడమకి తిప్పకూడదు. దగ్గినప్పుడు పడిన నెత్తురు పారబొయ్యకుండా మూత ఉన్న డబ్బాలో పట్టి చూపించాలి. బజారుకెళ్ళి కుట్లు వేసే దారం, రబ్బరు తొడుగులు, దూది తేవాలి. మనిషి బల్లమీదే పోయినా ఎవరినీ ఏమీ అననని కాగితం మీద సంతకం పెట్టాలి. పొద్దున లేచాక చుక్క మంచినీళ్ళు కూడా పట్టకూడదు. ఊరికి కబురు చెయ్యాలి.

“అన్నిటికంటే ముందు రక్తం,” అంది జయకుమారి. “బి నెగటివ్. రెండు సీసాలు నా ఐసుపెట్టెలో కనపడితేనే సర్జన్ గారు కత్తి పట్టుకుంటారు. ఒక్క సీసాతో రొమ్ము తెరవరు. ముందే చెబుతున్నా.”

జక్రయ్య మడిచిన వేళ్ళ వంక చూసుకున్నాడు. మిగతావన్నీ తిరిగితే అయ్యే పనులు. రక్తం అట్లా కాదు. అతని రక్తం పరీక్ష చేసి పనికిరాదన్నారు. ఎలీసమ్మ తమ్ముడు ఆదాం రక్తం కలిసింది. ఒక సీసా తీశారు. ఆదాం అరటిపండు తిని, కళ్ళు తిరుగుతున్నాయంటూనే ఊరి బస్సు ఎక్కాడు, కోతలు పోతాయని. రెండో సీసా ఎవరి ఒంట్లో ఉందో ఎవరికీ తెలీదు.

ఆ ఛాతీ ఆసుపత్రి గుంటూరు చివర, నల్లపాడు వెళ్ళే దారిలో ఉంది. మూడు రేకుల వార్డులు, మధ్యలో వేపచెట్టు. గాలి మిర్చి యార్డు వైపు నించి వీచినప్పుడు మిరపఘాటు లోపలికి వచ్చేది. అప్పుడు వార్డు మొత్తం ఒక్కసారే దగ్గడం మొదలుపెట్టేది. ముందు ఈ చివరి మంచం, తరవాత ఆ పక్కది, అట్లా గోడదాకా. ఎవరో నడిచివెళ్తూ ఒక్కొక్కరినీ తట్టినట్టుండేది. తరవాత అందరూ ఆగి, తమ గుడ్డల్లోకి తాము చూసుకునేవాళ్ళు.

ఎలీసమ్మ కుడి భుజం కింద వేసుకుని గోడ వైపు మొహం పెట్టి పడుకుంది.

“ఒక్క నిమిషం ఎడమకి తిరుగుతానయ్యా. ఈ పక్కంతా మొద్దుబారిపోయింది.”

“వద్దన్నారుగా.”

“ఎందుకంట?”

“నెత్తురొచ్చేది కుడి ఊపిరితిత్తిలోంచి. ఎడమకి తిరిగితే అదంతా మంచిదాంట్లోకి దిగుద్దంట. అప్పుడు ఊపిరాడదంట.”

“అదొక్కటే కాదు,” అంది గోడతో చెబుతున్నట్టు. “తిరిగితే అది దొర్లుద్ది. నాకు తెలుసు.”

అది అనే మాట జక్రయ్యకి కొత్త కాదు. పక్క మీద తిరిగినప్పుడల్లా రొమ్ములో ఏదో మెల్లగా దొర్లి ఆగుతోందని ఆవిడ ఎన్నాళ్ళ నించో చెబుతోంది. గచ్చకాయంత ఉందని ఒకసారి, పెరిగిందని ఒకసారి. క్షయ వచ్చిన మనిషి, భయం పట్టుకుందన్నారు పేటలో. నెత్తురు మళ్ళీ పడిందని తెలిశాక ఆ మాటా మారింది. మాత్రలు మింగకుండా పారేసిందన్నారు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె అందరూ తాగాక ఆఖరున ఆవిడకి ఇచ్చేవాళ్ళు. ఆఖరు గుక్క తాగి, గిన్నె తనే కడిగి, బోర్లించి వచ్చేది.

నిన్న సర్జన్ గారు జక్రయ్యని గదిలోకి పిలిచి, దీపం పెట్టె మీద రెండు ఫిల్ములు పక్కపక్కన తగిలించాడు. ఒకటి నిలబెట్టి తీసింది, రెండోది పడుకోబెట్టి తీసింది. పక్కటెముకల మధ్య, భుజం ఎముక కింద, ఒక నల్లటి గుండ్రటి గది ఉంది. గదిలో తెల్లటి ముద్ద. ముద్ద పైన సన్నటి నెలవంకలా చీకటి.

“క్షయ పూర్తిగా తగ్గిపోయిందయ్యా. ఆవిడ మందు సక్రమంగానే వాడింది, ఊళ్ళో ఎవరన్నా ఏమన్నా అంటే నా మాటగా చెప్పు. కానీ అది తొలిచిన గది అట్లాగే మిగిలింది. ఖాళీగా ఉన్న గదిలో బూజు చేరింది. ముద్ద కట్టింది. ఇదిగో, ఇక్కడ అడుగున ఉందా? పడుకోబెడితే ఈ గోడకి జారింది చూడు.”

జక్రయ్య చూశాడు. అదే ముద్ద. చోటు మారింది.

“మనిషి తిరిగితే ఇదీ తిరుగుద్ది. గోడకి రాసుకుంటోంది. గోడ నిండా రక్తనాళాలే. ఇప్పటిదాకా చిన్నవి తెగాయి. పెద్దది తెగితే ఇక మనకి పనుండదు.”

“మందుకి పోదాండి?”

“పోదు. ఆ పై భాగం కోసి తీసెయ్యాలి.”

బయటికి వచ్చాక ఎలీసమ్మకి ఆ సంగతి చెప్పలేకపోయాడు. ఆవిడ చెప్పింది అబద్ధమై ఉంటే బాగుండుననిపించింది. తన పక్కనే, తన చాప మీదే పడుకున్న మనిషి లోపల, దీపాలార్పాక, ఇంకోటేదో పక్క సర్దుకుంటూ ఉందన్నమాట.

మొదట నెత్తురు పడింది బుల్లయ్య గారి మిరప కల్లంలో. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకి అందరూ దగ్గుతారు, ఎవరి దగ్గూ ఎవరూ పట్టించుకోరు. ఎలీసమ్మ దగ్గుతూ ముందుకి వంగింది. నోట్లోంచి పడింది ఎర్రటి కాయల మీద పడి కనపడకుండా పోయింది. ఏదో పడిందే అని చేత్తో తడిమితే వెచ్చగా తగిలింది. ఎండకి కాయలు వెచ్చగానే ఉంటాయి కదా అనుకుంది. చెయ్యి ఎత్తితే వేళ్ళు ఒకదానికొకటి అతుక్కున్నాయి. అటూ ఇటూ చూసి, ఆ చోట కాయలు తిరగేసి కప్పేసి, మళ్ళీ ఏరుకోవడం మొదలుపెట్టింది. కూలి పోతుందని. ఆ కాయలు ఎండాయి, టిక్కీ గోతాల్లోకి తొక్కారు, లారీ ఎక్కాయి. జక్రయ్యకి ఈ మాట ఆవిడ చెప్పింది మూడోసారి పడ్డాక.

పక్క మంచం పిచ్చమ్మది. కనిగిరి అవతల ఊరు, మేకలు కాసుకుని బతికిన మనిషి. మొగుడూ బిడ్డలూ లేరు. రెండు ఊపిరితిత్తులూ తినేసింది క్షయ. కత్తి పెట్టడానికి మంచి చోటు లేదని సర్జన్ గారు ఆవిడ మొహం మీదే చెప్పాడు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి పగలూ రాత్రీ చుట్టిన బొంత మీదికి ఒరిగి కూర్చునే ఉండేది. ఎలీసమ్మ వచ్చిన రోజున “మీదే పేట?” అని అడిగి, చెప్పగానే తన నీళ్ళచెంబు కాలితో మంచం కిందికి నెట్టుకుంది. ఆ సాయంత్రమే ఎలీసమ్మకి దగ్గు తెర వచ్చి, జక్రయ్య డబ్బా కోసం వెతుక్కుంటూ ఉంటే, అదే చెంబు తీసి ఆవిడ గడ్డం కింద పట్టింది. తరవాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తుకోలేదు.

“ఏందబ్బాయా,” అంది పిచ్చమ్మ. “మూతి అట్ట పెట్టావు? రక్తం దొరకలా?”

“లేదు పెద్దమ్మా. మా అన్న వస్తున్నాడు. చూడాలి.”

“నీ పెళ్ళాం రొమ్ములో గోలీ దొర్లుతా ఉంది. నిన్న నాకు వినపడింది.”

జక్రయ్య దగ్గరికి జరిగాడు. “బయటికి వినపడుద్దా?”

“అందరికీ వినపడదులే. మేకపిల్ల అడ్డం తిరిగితే తల్లి పొట్టకి చెవి పెట్టి చెప్పేదాన్ని నేను. ఆ చెవులు.” అని నవ్వి, ఆ నవ్వు దగ్గయితే గుడ్డ నోటికి పెట్టుకుని, గుడ్డలోకి చూసి, మడిచి దాచుకుంది.

జక్రయ్య అన్న ప్రేమదాసు మధ్యాహ్నం బస్సుకి దిగాడు. సంఘపెద్ద. పేటలో పెళ్ళిళ్ళ పందిళ్ళూ సమాధుల తోటా చూసుకునేది అతనే. తెల్ల చొక్కా తొడుక్కుని, బైబిలు సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ రక్తం తీసే గదికి వెళ్ళారు. అక్కడి మనిషి ప్రేమదాసు వేలు పట్టుకుని చూసి, “ఏంటయ్యా ఈ మట్టి? వెళ్ళి కడుక్కురా,” అన్నాడు.

ప్రేమదాసు కొళాయి దగ్గర సబ్బు పెట్టి రుద్దాడు. గోళ్ళ కింది నల్లమట్టి కొంచెం కరిగి మళ్ళీ అట్లాగే ఉంది. మడమల పగుళ్ళలోనూ అదే మట్టి. ఎండాకాలం, కాలవ కట్టేసి ఉంది. పొలంలో తడి ఎక్కడా లేదు. తడిమట్టిలో దిగాల్సిన పని అన్నకి ఏమొచ్చిందా అనుకున్నాడు జక్రయ్య.

రక్తం కలవలేదు. ఇద్దరూ వరండాలోకి వచ్చి, ఆడవాళ్ళ వార్డు కిటికీ కింద గట్టుమీద కూర్చున్నారు.

“ఆ మట్టి ఏందన్నా?”

ప్రేమదాసు చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. “కోప్పడకురా జక్రీ.”

“ఎందుకు కోప్పడతాను?”

“ఆదివారం ఆరాధన అయ్యాక కుర్రాళ్ళందరూ ఖాళీగా దొరికారు. సోమవారం నించి అందరూ కోతలకి పోతారు, మనిషి దొరకడు. రేగడి ఎండి రాయైపోయింది. బిందెలతో నీళ్ళు మోసి నానబెడితేగాని గడ్డపార దిగలా. పక్కన బీటలు ఎంత లోతున్నాయంటే, గడ్డపార జారి ఒకదాంట్లో పడింది, చప్పుడు కూడా వినపడలా...”

జక్రయ్యకి అర్థమైంది. అయినా అడిగాడు. “ఎవరికన్నా?”

“అమ్మ పక్కన తీశాం. మంచి చోటు.”

దూరంగా రైలు కూత వేసింది. జక్రయ్య లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

“బతికున్న మనిషికి గొయ్యి తీశావా?”

“రొమ్ము కోసిన మనిషి తిరిగొచ్చింది మన పేటలో చూశావంట్రా? శవం పొద్దు గుంకాక దిగితే, అప్పటికప్పుడు ఆ నేల తవ్వలేక అమ్మకి ఎంత అవస్థ పడ్డామో నీకు గుర్తులేదా? ఆమెకి అట్టా కాకూడదనుకున్నా. నా తోబుట్టువైతే చెయ్యనా? నా చేత్తో అంచులు చెక్కానురా, చక్కగా.” అన్న అబద్ధం ఆడటం లేదని జక్రయ్యకి తెలుసు. అదే భరించలేకపోయాడు.

“పూడ్చెయ్యి. ఇవాళే వెళ్ళి పూడ్చెయ్యి.”

“ఖాళీగానా?” ప్రేమదాసు తలెత్తాడు. “తెరిచిన గొయ్యి ఖాళీగా పూడిస్తే అది మనిషిని వెతుక్కుంటదంటారు. నేను నమ్మను, సంఘపెద్దని. కానీ పార పట్టుకునేవాడెవడు? పట్టుకుంటే ఏ ఇంట్లోంచి పిలుచుద్దోనని భయం. అట్టాగని తెరిచి ఉంచినా భయమే. కూలికెళ్ళే ఆడాళ్ళు అప్పుడే ఆ దారి మానేసి చుట్టూ తిరిగి పోతున్నారు.”

కిటికీలోంచి నవ్వు వినపడింది, గుర్రుమంటూ, తెరలు తెరలుగా. పిచ్చమ్మ కమ్మీలు పట్టుకుని కిందికి చూస్తోంది.

“ఏందబ్బాయా! మనిషింకా మంచం దిగలా, అప్పుడే ఇల్లు కట్టించారంటనే?”

“నెమ్మదిగా పెద్దమ్మా. ఆమెకి వినపడుద్ది.”

“నిద్రపోతా ఉందిలే.” పిచ్చమ్మ నవ్వు ఆపింది. కిటికీ లోపలి చీకట్లో ఆవిడ మొహం కనపడటం లేదు, కమ్మీలు పట్టుకున్న వేళ్ళే కనపడుతున్నాయి. “సిస్టరమ్మని పిలువు.”

జయకుమారి వచ్చింది. అప్పుడు చెప్పింది పిచ్చమ్మ. తన తమ్ముడు పేరయ్య కిందటి వారం ఇచ్చి వెళ్ళిన సీసా ఐసుపెట్టెలో తన పేరున ఉంది కదా, దాన్ని ఆ పిల్లకి ఎక్కించమని. అదీ బి నెగటివే. అక్కాతమ్ముళ్ళ అరుదైన రక్తం గురించి వార్డంతా చెప్పుకున్నదే గానీ, దాన్ని అడగాలని జక్రయ్యకి తోచలేదు. తోచినా నోరు రాకపోను.

“నీకు నెత్తురు పడితే ఏం చేస్తావు?” అంది జయకుమారి.

“మా తమ్ముడొస్తాడు.”

“ఎప్పుడు? ఇచ్చి వెళ్ళినవాడు మళ్ళీ తొంగి చూళ్ళేదు.”

“వస్తానన్నాడు, వస్తాడు. వాడు అట్టాంటోడు కాదు.” జక్రయ్య వైపు తిరిగింది. “కానీ అబ్బాయా, ముందే చెబుతున్నా. అది మా పేరయ్య రక్తం. వాడు వట్టి కోపిష్టోడు. ఎక్కినాక నీ పెళ్ళాం నిన్ను తిడితే నా పూచీ లేదు.”

మర్నాడు పొద్దున ఎలీసమ్మని తోపుడు మంచం మీద తీసుకెళ్ళారు. కుడి పక్కకే పడుకుని వెళ్ళింది. తలుపు మూసుకున్నాక జక్రయ్య, ప్రేమదాసు ఎదురుగా నేలమీద కూర్చున్నారు. ప్రేమదాసు కీర్తన ఒకటి సన్నగా ఎత్తుకున్నాడు గానీ, తలుపు వెనక పళ్ళెంలో ఇనప సామాను చప్పుడుకి ఆగిపోయాడు. ఎండ వరండా సగందాకా వచ్చింది, వెనక్కి పోయింది. మధ్యలో నర్సొకామె బయటికి వచ్చి, ఐసుపెట్టె గదిలోంచి ఒక సీసా తీసుకెళ్ళింది. కొంతసేపటికి మళ్ళీ వచ్చి రెండోది తీసుకెళ్ళింది. ఈసారి పరుగెత్తింది.

సర్జన్ గారు వచ్చేసరికి వేపచెట్టు నీడ తూర్పుకి తిరిగింది. గౌను ముందంతా తడి. అతని వెనక వార్డుబాయ్ ఒక ఎనామిల్ పళ్ళెం పట్టుకుని ఉన్నాడు.

“ఊపిరితిత్తి గోడకి అతుక్కుపోయింది, విడదీసేటప్పుడు చాలా రక్తం పోయింది. రెండో సీసా లేకపోతే బల్లమీదే అయిపోయేది. రా, చూడు. తీసింది ఇంటివాళ్ళకి చూపించాలి.”

పళ్ళెంలో ముదురు రంగు మాంసం ముక్క. సర్జన్ గారు దాన్ని కత్తితో చీల్చి రెండువైపులా విప్పాడు. లోపల నున్నటి గోడలతో చిన్న గది. గదిలో తడిసిన చింతపండు ముద్దలా గోధుమరంగుది ఒకటి, దేనికీ అతుక్కోకుండా, ఊరికే ఉంది. పళ్ళెం కొంచెం వంచితే అది దొర్లి, గోడని తాకి ఆగింది.

జక్రయ్య చాలాసార్లు చూశాడు అట్లాంటిది. పైకి నిగనిగలాడే మిరపకాయని విరిస్తే లోపల గింజల చుట్టూ కట్టి ఉండే బూజు. అంతకంటే పెద్దది, అంతే.

ప్రేమదాసు మొహం తిప్పుకున్నాడు. “ప్రభువా,” అన్నాడు. “ఇది ఆమె చెప్పిందే.”

ఎలీసమ్మ పక్కలోంచి ఒక రబ్బరు గొట్టం వచ్చి మంచం కింద సీసాలోకి దిగింది. సీసాలో నీళ్ళు. ఆవిడ ఊపిరి పీలిస్తే గొట్టంలో నీళ్ళు పైకి లేచేవి, వదిలితే దిగేవి. జక్రయ్య ఆవిడ మొహం వంక చూడటం మానేసి ఆ నీళ్ళనే చూస్తూ కూర్చునేవాడు. మాట వచ్చాక ఆవిడ మొదట అన్నది ఇది:

“దొర్లట్లేదయ్యా.”

“తీసేశారే. నేను కళ్ళారా చూశా. నువ్వు చెప్పినట్టే ఉంది.”

“లోపలంతా నిశ్శబ్దంగా ఉంది.” కాసేపు విన్నది. “భయమేస్తోంది.”

పక్క మంచం మీంచి పిచ్చమ్మ అందుకుంది. “కొన్నాళ్ళు అట్టనే ఉంటదిలే అమ్మాయ్. మొగుడు చచ్చిన కొత్తలో నాకూ గురక వినపడక నిద్ర పట్టలా.” నవ్వడానికి ఎలీసమ్మకి కుట్లు అడ్డమొచ్చాయి. కళ్ళతోనే నవ్వింది.

ఆపరేషన్ అయిన మూడోనాడు మధ్యాహ్నం, వార్డులో అందరూ కునుకు తీస్తూ ఉండగా, పిచ్చమ్మ “అబ్బాయా” అని పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది. జక్రయ్య తిరిగి చూసేసరికి ఆవిడ చెంబు గడ్డం కింద పట్టుకుని ఉంది. చెంబు నిండింది. ఆవిడ దాన్ని కింద పెట్టాలని చూసింది, ఒలికిపోతుందని జాగ్రత్తగా. జక్రయ్య అందుకున్నాడు. రెండోసారి వచ్చింది చెంబుకి సరిపోలేదు. సిస్టర్ పరుగున వచ్చేలోపు, మాటల మధ్యలో ఆగిన మనిషిలా, బొంత మీదికి ఒరిగి అట్లాగే ఉండిపోయింది.

సాయంత్రం సర్జన్ గారు గది తాళం వేసుకుంటూ ఉంటే జక్రయ్య వెళ్ళి నిలబడ్డాడు.

“ఆ సీసా ఉండి ఉంటే బతికేదాండి?”

“ఒక్క సీసాతో ఆగేది కాదయ్యా అది. రెండు పక్కలా పోయిన మనిషి.” అతను తాళం వంకే చూస్తూ చెప్పాడు. తాళం పడ్డాక కూడా కాసేపు దాన్ని పట్టుకునే ఉన్నాడు.

పేరయ్యకి తంతి ఇచ్చారు. జవాబు రాలేదు. మర్నాటికి కూడా రాలేదు. ఎండలు ముదిరాయి. శవాన్ని నిలవ ఉంచే చోటు ఆ ఆసుపత్రికి లేదు. మధ్యాహ్నం దాకా చూసి, ఎవరూ రాకపోతే మెడికల్ కాలేజీకి అప్పగిస్తారని జయకుమారి చెప్పింది. అక్కడ ఏం చేస్తారో జక్రయ్య అడగలేదు. ఎనామిల్ పళ్ళెం కళ్ళముందు కదిలింది.

ఎలీసమ్మ దగ్గరికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఇక దాచలేకపోయాడు. అన్న చేసిన పని చెప్పాడు. సీసా సంగతీ చెప్పాడు. గొట్టంలో నీళ్ళు ఒక్కసారి బాగా పైకి లేచి, అక్కడే ఆగి, మెల్లగా దిగాయి.

“నాకని తీశారా?”

“అవును.”

“ఎక్కడ?”

“మా అమ్మ పక్కన.”

“ఎంత లోతు?”

“నేను చూళ్ళేదే.”

ఎలీసమ్మ ఖాళీ మంచం వంక చూసింది. బొంత చుట్ట మీద తల ఆనించిన చోట ఇంకా పల్లం ఉంది. “అది ఆమెకియ్యి,” అంది. “నాకు కావాల్సొస్తే ఇంకోటి తవ్వుకోండి, ఏం తొందర? మీ అన్నకి ఎట్టాగూ చేతులు ఊరుకోవుగా.”

పెళ్ళయినప్పటి నించి బావగారిని ఆవిడ ఒక్క మాట అన్నది లేదు. జక్రయ్యకి పేరయ్య రక్తం గుర్తొచ్చింది. అంతలోనే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ప్రేమదాసు ముందు ఒప్పుకోలేదు. “మన తోటలోనా? ఆమె బాప్తిస్మం పొందిన మనిషి కాదురా. పాస్టరు గారేమంటారు?”

“నీ గొయ్యి బాప్తిస్మం పొందిందా అన్నా? ఎవరు పోతారో దేవుణ్ణి అడిగే తవ్వావా?”

ప్రేమదాసు గోళ్ళ వంక చూసుకున్నాడు. “లారీ చూడు,” అన్నాడు.

కాగితం రాస్తూ జయకుమారి కలం ఆపింది. “వరస ఏం రాయమంటావు?”

“పెద్దమ్మ అని రాయండి.” తన ఊరి పేరు, దారి కూడా చెప్పాడు. పేరయ్య వస్తే పంపమన్నాడు.

యార్డులో మిర్చి దింపి చిలకలూరిపేట వైపు ఖాళీగా పోతున్న లారీ దొరికింది. డ్రైవరు ఇమాం హుస్సేన్ ఏమీ బేరమాడలేదు. “ముసలమ్మా? ఎక్కించండి,” అని, తనే తలవైపు పట్టాడు. లారీ నేలమీద మిరపపొడి వేలు మందాన పరుచుకుని ఉంది. బండి కదిలి గాలి తగలగానే అది లేచింది. అన్నదమ్ములిద్దరూ శవానికి చెరో వైపు కూర్చుని దగ్గారు, తుమ్మారు. కళ్ళవెంట ధారలుగా కారుతున్నాయి. తుడుచుకుంటే ఇంకా మండాయి. రోడ్డు పక్క సైకిళ్ళవాళ్ళు ఆగి, టోపీలూ తలగుడ్డలూ తీసి, ఎవరో చాలా దగ్గరివాళ్ళు పోయారనుకుని చూశారు. పిచ్చమ్మ మొహం మీద ఎర్రటి పొడి పల్చగా పడి, చెంపలకి బతికున్న రంగు వచ్చింది. జక్రయ్య తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తోట దగ్గర జనం దూరంగా నిలబడి ఉన్నారు. జక్రయ్య గొయ్యి చూడటం అదే మొదలు. అంచులు నిజంగానే చక్కగా చెక్కి ఉన్నాయి. అయిదారు రోజుల ఎండకి గోడలు ఎండి, బీటలు విచ్చి, ఆ బీటలు నేల లోపలికి ఎటెటో పోతున్నాయి. అడుగున మాత్రం ఇంకా తడి ఉంది. ఎలీసమ్మ పొడుగు సరిగ్గా ఎంతో అన్నకి ఎట్లా తెలిసిందో అనుకున్నాడు. పిచ్చమ్మ పొట్టి మనిషి. కాళ్ళ దగ్గర చోటు మిగిలిపోయింది.

పాస్టరు గారు రాలేదు, పూడ్చొద్దని కబురూ చెయ్యలేదు. ప్రేమదాసు తనకి వచ్చిన ప్రార్థన చేశాడు, పేరు దగ్గర తడబడకుండా పిచ్చమ్మ అన్నాడు. మొదటి పార మట్టి ఎవరెయ్యాలని అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ ఉంటే, ఆడవాళ్ళలోంచి అంకమ్మ ముందుకొచ్చింది. కల్లంలో ఎలీసమ్మ పక్కన కూర్చుని కాయలేరే మనిషి, మాత్రలు మింగలేదన్నవాళ్ళలో అందరికంటే గట్టిగా అన్న మనిషి. వంగి రెండు చేతులతో పెళ్ళలు తీసి వేసింది. తరవాత మగవాళ్ళు పారలు పట్టారు. మట్టి మట్టం అయ్యేసరికి ఊపిరి వదిలిన చప్పుడు, ఒక్కరిది కాదు, అందరిదీ ఒకేసారి.

పేరయ్య ఆ వారంలోనే వచ్చాడు. ఒంటరిగా రాలేదు. వెంట ఇద్దరు కుర్రాళ్ళు, చనిపోయిన పెద్దక్క కొడుకులు. ఒకడు నెల్లూరు అవతల రొయ్యల చెరువుల దగ్గర, ఇంకొకడు ఎక్కడో రాళ్ళ క్వారీలో పనిచేస్తుంటే, వాళ్ళ రక్తం అక్కకి కలుస్తుందేమోనని ఊరూరా తిరిగి వెతికి పట్టుకొచ్చాడు. తంతి అందుకోవడానికి ఇంటి దగ్గర లేడు. వార్డులోకి వచ్చి, అక్క మంచం మీద ఇంకెవరో పడుకుని ఉండటం చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకున్న ఆ ముగ్గురూ అట్లాగే నిలబడిపోయారు. చెప్పింది ఎలీసమ్మే.

“మా ఊళ్ళో ఉంది బాబాయ్. నా చోట్లో.”

జక్రయ్య వాళ్ళని తోటకి తీసుకొచ్చాడు. పేరయ్య తిడతాడని, కొడతాడని, కర్రతో పొడిచి తవ్వి తీసుకుపోతానంటాడని దారంతా సిద్ధపడ్డాడు. పేరయ్య మట్టిదిబ్బ చుట్టూ ఒకసారి నడిచాడు.

“మాదీ పూడ్చే ఆచారమేలే,” అన్నాడు. “తల ఎటు పెట్టారు?”

“పడమరకి. మేం అట్టా పెడతాం.”

“మేం దక్షిణానికి పెడతాం.” పేరయ్య పొలాల మీదుగా చూశాడు. కల్లాలు కనుచూపు మేరా ఎర్రగా ఉన్నాయి. ఎత్తు అన్నది ఎక్కడా లేదు. “మా కనిగిరి ఎటబ్బాయా ఇక్కడికి?”

జక్రయ్య చెయ్యి చాపాడు. అటు పడమరా కాదు, ఇటు దక్షిణమూ కాదు, రెండిటి మధ్య.

పేరయ్య ఆ చేతి వెంట చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. “ఇంచుమించు సరిపోయిందిలే,” అన్నాడు. కుర్రాళ్ళని పిలిచి చెరో పిడికెడు మట్టి వెయ్యమన్నాడు. మడిచిన చొక్కా చేతులు దించుకుని, గుండీలు పెట్టుకున్నాడు.

ఎలీసమ్మ ఇంటికొచ్చింది. కుడి భుజం కొంచెం కిందికి దిగింది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఇప్పుడు ఏ పక్కకి కావాలంటే ఆ పక్కకి తిరిగి పడుకుంటుంది. తోటలో రాయి వెయ్యడానికి సంఘం తీర్మానం కాలేదు, కాబట్టి ఆ చోట పేరు లేదు. చిలకలూరిపేట దిగి పొలాల వెంట వెళ్ళేవాళ్ళకి ఎడమ చేతి వైపు నల్లటి దిబ్బ ఒకటి కనపడుతుంది, కాళ్ళ వైపు కాస్త కుంగి. మిరపఘాటుకి మీకు దగ్గు తెర వచ్చి ఎక్కడన్నా ఆగితే, కనిగిరి అవతలి నించి వచ్చి, తన సీసా పక్క మంచానికి ఇచ్చి కూర్చున్న పిచ్చమ్మని ఒక్కసారి తలుచుకోండి. ఆవిడకి కన్నబిడ్డలు లేరు. ఆ పని మనమే చెయ్యాలి.